మధ్యాహ్నం మొరాయించే కంప్యూటర్

"మళ్ళీ మొదట్నించీ చెప్పు. ఏం చేస్తుండగా ఆగిపోతుంది?"

"ఏమీ చెయ్యకుండా ఉన్నప్పుడే ఆగిపోతుంది, దోన్యా నియెవెస్. అదే నా ఖర్మ," అంది యమీలె.

బల్లమీద కంప్యూటర్ పెట్టె పక్క రేకు ఊడదీసుకుని, లోపలున్నదంతా బయటపెట్టుకుని కూర్చుంది. సంతలో ఒక ముక్క, పాత సామాన్ల కొట్లో ఒక ముక్క ఏరి తెచ్చి యమీలె స్వయంగా బిగించుకున్న యంత్రం అది. పెళ్ళి వీడియోలు ఎడిట్ చేసి బతికే పిల్ల. ఆ పెట్టె మొరాయించడం ఇంకెవరింట్లోనైనా చిన్న తలనొప్పి. ఈ ఇంట్లో మాత్రం దానిమీద ఒక మనిషి ప్రాణం వేలాడుతోంది.

నియెవెస్ కొండార్కో కుర్చీ దగ్గరికి లాక్కుంది. పోలీసు ఉద్యోగం వదిలేసి సూక్రె ఊళ్ళో సొంతంగా పరిశోధనలు చేసుకుంటున్న ఆమెకి కంప్యూటర్ల గురించి పెద్దగా తెలియదు. ప్రశ్నలు అడగడం మాత్రం బాగా తెలుసు.

సంగతి ఇదీ. యమీలె వాళ్ళది తాతలనాటి పెద్ద ఇల్లు. మధ్యలో గోడ కట్టి రెండు వాటాలు చేశారు. ముందు వాటాలో యమీలె, ఆమె తండ్రి యూసెబియో అరన్‌సిబియా. వెనక వాటాలో పెదనాన్న గ్వాల్బెర్తో. ఆయన నోటరీ, ఒంటరివాడు, ఆఫీసూ కాపురమూ అక్కడే. రెండు వారాల కిందట ఆయన కారు పిల్కొమాయో నదిలో బోర్లాపడి కనిపించింది. శవం దొరకలేదు. అన్నదమ్ములిద్దరూ ఆ వాటా గోడ గురించి వీధివీధంతా వినేలా అరుచుకునేవాళ్ళు. అది చాలింది పోలీసు కెప్టెన్ ఊర్యోస్తేకి. వెనక వాటా వెతికి సీలు వేశాడు. తర్వాత రెండు రోజులకి, అన్నని చంపాడంటూ యూసెబియోని తీసుకుపోయాడు.

యూసెబియో జైల్లో నోరు విప్పడం లేదు. లాయరుతో కూడా మాట్లాడడం లేదు. నిన్న నియెవెస్ వెళ్ళి ఎదురుగా కూర్చుంటే ఒక్కటే అడిగాడు: "అమ్మాయి ఇంట్లోనే ఉంటోందా?" ఉంటోందని చెప్పగానే మొహం గోడవైపు తిప్పుకున్నాడు.

అసలు చిక్కు తర్వాత వచ్చింది. పెదనాన్న మాయమయ్యాక భయపడి, యమీలె ఇంటి లోపలి వాకిలిమీదికి ఒక కెమెరా బిగించి ఈ కంప్యూటర్‌కి తగిలించింది. అది వాకిలినీ సీలు వేసిన తలుపునీ పగలూ రాత్రీ రికార్డు చేస్తోంది. కాని రోజూ మధ్యలో ఖాళీలు. ఆ ఖాళీల్లోనే తలుపు తెరిచి సాక్ష్యాలు మాయం చేశారని, రికార్డింగు ఆపింది కూతురేనని ఊర్యోస్తే వాదన. ఇవాళ మధ్యాహ్నం కోర్టు కాగితంతో వచ్చి కంప్యూటర్ పట్టుకుపోతాడు. దాంతోపాటు యమీలెని కూడా.

"వేడెక్కి ఆగిపోతోందేమో?" అడిగింది నియెవెస్.

"అనుకున్నా. ప్రాసెసర్ మీద పేస్టు గీకేసి కొత్తది పూశాను. ఫ్యాన్ మార్చాను. అయినా, పెళ్ళి ఊరేగింపు వీడియో తయారుచేసేటప్పుడు సాయంత్రమంతా కుంపటిలా కాలుతుంది, అప్పుడు ఆగదే! ఊరికే కెమెరా చూస్తూ చల్లగా కూర్చున్నప్పుడు హ్యాంగవుతుంది."

"మెమరీ?"

"ఒక్కో ర్యామ్ తీసి రెండోదాంతో నడిపాను. రెంటితోనూ ఆగింది. హార్డ్ డిస్కు మార్చాను. విండోస్ రెండుసార్లు కొత్తగా ఎక్కించాను. ఇక మిగిలింది పూజారిని పిలిచి పవిత్రజలం చల్లించడమే."

"అదెందుకు?"

యమీలె ఏడుపుమొహంలోనే నవ్వింది. "మా యంత్రానికి దైవభక్తి ఎక్కువండీ. వీధి చివర చర్చి గంటలు మోగితే చాలు, బిగుసుకుపోతుంది. మధ్యాహ్నం గంటలకోసారి, పొద్దుగుంకే గంటలకోసారి. రోజూ కాకపోయినా దాదాపు రోజూ. కెప్టెన్‌తో ఈ మాట అంటే వేళాకోళమాడుతున్నావా అని అరిచాడు."

నియెవెస్ నవ్వలేదు. ముందుకి వంగింది. "ఈ పెట్టెని ఇంకెక్కడైనా నడిపి చూశావా?"

"మా స్నేహితురాలు రుఫీనా కొట్లో పెట్టి మూడు రోజులు వదలకుండా నడిపాం. కొత్త పెళ్ళికూతురిలా కుదురుగా కూర్చుంది. ఇంటికి తెచ్చిన రోజే మళ్ళీ మొదలు. డాక్టరు గుమ్మం తొక్కగానే దిగిపోయే జ్వరంలాగ."

"రుఫీనా కొట్టు చర్చికి దూరమా?"

"దగ్గరే. ఇక్కడికన్నా గట్టిగా వినిపిస్తాయి గంటలు."

నియెవెస్ పెట్టె లోపలికి టార్చి వేసి చూసింది. తీగలు జడల్లా అల్లి కట్టి ఉన్నాయి. ఎక్కడా దుమ్ము లేదు. మరలన్నీ బిగుతుగా ఉన్నాయి. చేతకాని మనిషి చేసిన పని కాదది. ఒక్క పవర్ సప్లై డబ్బా మాత్రం పాతదీ, తేలికదీ. పేరు చెరిగిపోయిన సరుకు.

"దీనికి ముందు స్టెబిలైజర్ లేదేం?"

"ఉండేది. కాలిపోయింది. కొత్తది కొందామనుకునేసరికి నాన్నని తీసుకెళ్ళారు."

"మీ నాన్న గదిలో పాత ఫిలమెంటు బల్బు దీపం ఉందా?"

"మంచం పక్కన ఉంది."

"పట్రా. ఈ ప్లగ్గు బోర్డుకే తగిలించు."

యమీలె తెచ్చి పెట్టింది. పట్టపగలు వెలుగుతున్న ఆ పసుపు బల్బు చూసి, "దీంతో ఏం కనిపెడతారు?" అంది.

"నీ పెట్టెకి నోరు లేదు. ఈ బల్బుకి ఉంది. నీ యంత్రం అక్కడ బాగుండి ఇక్కడ మొరాయిస్తే, రోగం ఈ ఇంట్లో ఉన్నట్టు."

వీధి తలుపు దబదబా మోగింది.

కెప్టెన్ ఊర్యోస్తే ఎత్తరి, పెద్ద మీసాలు. లోపలికి వచ్చి నియెవెస్‌ని చూడగానే మీసం కింద పెదవి వంకర తిరిగింది. ఇద్దరిదీ ట్రైనింగులో ఒకే బ్యాచి.

"ఉద్యోగం వదిలేశావు గాని, మా పనుల్లో ముక్కు దూర్చడం వదల్లేదన్నమాట."

"నీ ముక్కుకి వాసన తెలిస్తే నాకీ శ్రమ ఉండేది కాదు, ఊర్యోస్తే."

"ఏమిటా బల్బు? పూజా?"

"పది నిమిషాలు కూర్చో, నువ్వే చూద్దువు గాని."

"నా దగ్గర కోర్టు కాగితం ఉంది. ఓవిదియో, ఆ పెట్టె తీగలు పీకు."

వెనకాల వచ్చిన సార్జెంట్ ఓవిదియో పోలీసు శాఖలో కంప్యూటర్ల పని చూసే మనిషి. సన్నగా, శుభ్రంగా, బడిపంతులులా ఉన్నాడు. పెట్టెలోకి చూసి మెచ్చుకోలుగా తలాడించాడు. "చాలా బాగా కట్టారు, సెన్యోరీతా. మీరు బెంగపెట్టుకోకండి, ఒక్క మర కూడా పోకుండా నేనే చూసుకుంటాను," అన్నాడు. దూదిలాంటి గొంతు. యమీలె కళ్ళు తుడుచుకుని అతనికి థాంక్స్ చెప్పింది.

"ఊర్యోస్తే," అంది నియెవెస్. "ఈ పిల్ల కావాలని రికార్డింగు ఆపుతోందని కదా నువ్వు రాసింది? మధ్యాహ్నం గంటలు మోగబోతున్నాయి. ఆమె చేతులు బల్లమీద పెట్టించు. నావీ పెడతాను. ఎవరం ముట్టుకోకుండా ఆ పెట్టె ఆగిపోతే, నీ కాగితంలో రాసింది అబద్ధం. ఆగకపోతే నేనే దాన్ని మోసుకొచ్చి నీ జీపులో పెడతాను."

ఊర్యోస్తే మొండివాడే. పందెం అంటే మాత్రం వెనక్కి తగ్గలేడు. కుర్చీ లాగి కూర్చున్నాడు. "మోద్దువు గాని. నడుము జాగ్రత్త."

నలుగురూ తెరవైపు చూస్తూ కూర్చున్నారు. తెరమీద ఎండపడిన వాకిలి, మూల ఒక పూలకుండీ, సీలు వేసిన తలుపు. కింద గడియారంలో సెకన్లు కదులుతున్నాయి.

చర్చి గంటలు మొదలయ్యాయి. ఒకటి, రెండు. ఏమీ కాలేదు. ఊర్యోస్తే మీసం దువ్వుకున్నాడు.

అంతలో పసుపు బల్బు ఆరబోయే నిప్పుకణికలా ఎర్రగా కుంగిపోయింది. తెరమీద సెకన్లు ఆగిపోయాయి. వాకిట్లో గాలికి ఊగుతున్న పూలకొమ్మ ఊగుతూనే బొమ్మలా నిలిచిపోయింది.

యమీలె చేతులు రెండూ బల్లమీదే ఉన్నాయి.

"వోల్టేజి పడిపోయింది," అంది నియెవెస్. "రుఫీనా కొట్లో పడలేదు, ఇక్కడ పడింది. ఆ పాత పవర్ సప్లై తట్టుకోలేక పెట్టె కొయ్యబారిపోయింది. ఇందులో ఈ పిల్ల తప్పేముంది?"

ఊర్యోస్తే లేచి నడవాలోకి నడిచాడు. మీటరు అక్కడుంది. రెండు వాటాలకీ కలిపి ఒకటే. లోపలి చక్రం బొంగరంలా తిరుగుతోంది.

"ఇంట్లో ఏం నడుస్తున్నాయి?" అని గద్దించాడు.

"ఫ్రిజ్జు, ఈ కంప్యూటర్, ఈ బల్బు," అంది యమీలె. "పొయ్యి గ్యాసుది."

చూస్తుండగానే చక్రం ఒక్కసారిగా నెమ్మదించి, ఎప్పటిలా బద్ధకంగా తిరగసాగింది. గంటలు అప్పుడే ఆగాయి.

"పాత వైర్లు," అన్నాడు ఊర్యోస్తే, తనకి తానే చెప్పుకుంటున్నట్టు. "వెనక వాటాలో ఎలకలు కొరికేసి ఉంటాయి."

"గంటలు విని కొరికే ఎలకలా?"

అతను చురుగ్గా చూశాడు. నియెవెస్ అక్కడితో నోరు మూసుకుంది. ఆమె బుర్రలో అప్పటికే ఒక సంగతి తట్టింది. చక్రాన్ని అలా పరిగెత్తించగలిగేది ఈ ఊరి ఇళ్ళల్లో ఒక్కటే ఉంటుంది: స్నానాల గదిలో నీళ్ళు కాచే కరెంటు షవరు. గంటలు మోగేదాకా ఆగి తిప్పుతున్నారంటే, నీళ్ళ చప్పుడు ఎవరికీ వినపడకూడదు. సీలు వెనక మనిషి ఉన్నాడు.

ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. చెబితే గెలుపు ఆమెదే. కాని యూసెబియో గోడవైపు తిప్పుకున్న మొహం గుర్తొచ్చింది. హత్యానేరం నెత్తినేసుకుని కూడా పెదవి విప్పని మనిషికి బలమైన కారణమే ఉండాలి. అది తెలిసేదాకా మాట్లాడకూడదనుకుంది.

ఊర్యోస్తే కోర్టు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. అతనిలో ఆమెకి ఎప్పుడూ అర్థంకానిది ఇదే. నోరు చెడ్డది గాని, కళ్ళతో చూసినదాన్ని కాదనడు. "పెట్టె ఇవాళ్టికి ఇక్కడే ఉంటుంది. నా సీలు వెనకాల కరెంటు ఎక్కడికి పోతోందో నేను చూడాలి. కరెంటాఫీసు నించి మనిషిని తెస్తాను. ఓవిదియో, ఇదుగో తాళంచెవి. ఆ తలుపు దగ్గర నిలబడు. నేనొచ్చేదాకా సీలు ముట్టుకోకు."

"అలాగే, సార్," అన్నాడు ఓవిదియో. వాకిట్లోకి వెళ్ళి సీలు వేసిన తలుపు పక్కన నిలబడ్డాడు.

ఊర్యోస్తే బూట్ల చప్పుడు వీధిలో దూరమైంది.

నియెవెస్ యమీలె చెయ్యి పట్టుకుని లోపలికి నడిపించింది. "గొంతు పెంచకు. ఈ వాటా నించి ఆ వాటాలోకి ఎక్కడైనా దారుందా?"

"గోడ కట్టేశారుగా."

"గోడ కట్టకముందు?"

"సామాన్ల గదిలో పాత రొట్టెల పొయ్యి ఉండేది. దాని నోరు అటువైపుండేది. నాన్న దానికడ్డంగా ఎండు బంగాళాదుంపల బస్తాలు పేర్చేశాడు."

"ఎప్పుడు పేర్చాడు?"

యమీలె ఆలోచించింది. మొహం మెల్లగా పాలిపోయింది. "పోలీసులు తీసుకెళ్ళడానికి ముందురోజు."

ఇద్దరూ కలిసి బస్తాలు పక్కకి లాగారు. వెనక మసిపట్టిన ఇటుకల వంపు. మనిషి పాక్కుంటూ పట్టేంత సందు. అటుచివర ఒక రేకు అడ్డం పెట్టి ఉంది. దాని అంచులోంచి వెచ్చటి తేమగాలి వస్తోంది. నియెవెస్ నోరు సందుకి ఆనించి పిలిచింది.

"దోన్ గ్వాల్బెర్తో. నేను మీ తమ్ముడి తరఫు మనిషిని. భయపడకండి."

రేకు అంగుళం జరిగింది.

"ఆయన లేడమ్మా," అంది ఒక ఆడగొంతు, గాలికన్నా మెల్లగా. "ఆయన్ని నిజంగానే చంపేశారు."

యమీలె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఇన్నాళ్ళూ శవం దొరకలేదన్న ఒక్క మాట పట్టుకుని ఆశతో బతికింది. ఆ ఆశ ఇప్పుడు కళ్ళముందే జారిపోయింది. నియెవెస్ ఒక చేత్తో ఆమె భుజం పట్టుకుని, రెండో చెయ్యి సందులోకి చాపింది. అటునించి చల్లబడిన ముసలి వేళ్ళు వచ్చి ఆ చేతిని గట్టిగా పట్టుకున్నాయి.

"ఎవరమ్మా నువ్వు?"

"సబీనా యుక్రా. కొండపల్లె మాది. మా పొలం ఎవరో దొంగ కాగితాలతో రాయించుకుంటే నోటరీ బాబు దగ్గరికొచ్చాను. ఆ సాయంత్రం తలుపు కొట్టారు. బాబు నన్ను స్నానాల గదిలోకి తోసి గడియపెట్టుకోమన్నాడు. ఆ కాగితాల మీద సంతకం చెయ్యమని వాళ్ళు అడిగారు. చెయ్యనన్నాడు. తర్వాత ఈడ్చుకెళ్ళిన చప్పుడు."

"ఎవరో చూశావా?"

"చూళ్ళేదు. విన్నాను. ఒకడు మరీ మెత్తగా మాట్లాడాడు. 'ఫైలు మా స్టేషన్లోనే ఉంటుంది, ఎవరూ చూడరు' అన్నాడు. పోలీసేనని అప్పుడర్థమైంది. ఆ రాత్రి నన్ను చూసింది యూసెబియో బాబే. ముందు తన గదిలో దాచాడు. పోలీసులు ఈ వాటా వెతికేసి సీలు వేశాక, ఇక ఎవరూ చూడని చోటు ఇదేనని ఇటు పంపాడు. ఏ పోలీసో తెలీదు కాబట్టి ఎవరికీ చెప్పనన్నాడు. తను జైలుకి పోయినా సరే, నేను బతికుంటే చాలన్నాడు. గ్యాసు లేదు కదమ్మా. ఆ షవరు నీళ్ళల్లోనే బాబిచ్చిన ఎండు బంగాళాదుంపలు నానబెట్టుకుంటున్నా. గంటలు మోగేటప్పుడే తిప్పుతున్నా."

యమీలె గోడకి ఆనుకుని నిశ్శబ్దంగా ఏడుస్తోంది. తండ్రి ఎందుకు మాట్లాడలేదో ఆమెకి తెలిసింది. కూతురికి కూడా చెప్పనిది, పోలీసులు అడిగితే ఆ పిల్ల అబద్ధం చెప్పాల్సి వస్తుందని.

"అమ్మా," అంది సబీనా, నియెవెస్ చెయ్యి వదలకుండా. "ఇందాక నేను నీళ్ళు కట్టేశాక మీ నడవాలో మాట్లాడాడు. ఆ మెత్తటి గొంతువాడు. గోడలోంచి విన్నాను."

నియెవెస్ సందులోకి ఇంకా వంగింది. "పెద్ద గొంతుతో అరిచినవాడా?"

"కాదు. వాడి గొంతు నేనెప్పుడూ వినలేదు. రెండోవాడు."

బల్బు కుంగడం ఓవిదియో చూశాడు. మీటరు తిరగడం చూశాడు. షవరు సంగతి ఊర్యోస్తేకి తట్టకపోయినా వాడికి తట్టకుండా ఉండదు. పిల్లని కాపాడబోయి, దాక్కున్న మనిషి జాడ తనే హంతకుడికి చూపించింది. పైగా తాళంచెవి ఇప్పుడు వాడి చేతిలో ఉంది.

బాధపడడానికి టైము లేదు. "సబీనా, ఇటు పాకు. తొందరగా. యమీలె, ఈమెని రుఫీనా కొట్టుకి తీసుకుపో. దార్లో ఊర్యోస్తే కనిపిస్తాడు. కరెంటాఫీసు రెండు వీధులేగా. నేను ఒక మాట చెప్పమన్నానని చెప్పు."

"ఆయన నా మాట వినడు!"

"'నియెవెస్ ఓడిపోయానని ఒప్పుకుంటోంది, వచ్చి వినమంది' అని చెప్పు. జన్మలో ఎప్పుడూ పరిగెత్తనంత వేగంగా పరిగెత్తుకొస్తాడు."

సబీనా సందులోంచి మసి పూసుకుని బయటపడింది. చిన్న మనిషి. జడలు రెండూ ఇంకా తడిగా ఉన్నాయి. యమీలె ఆమెమీద శాలువా కప్పి వీధి తలుపువైపు నడిపించుకుపోయింది.

వాకిట్లోంచి కాగితం చిరిగిన చప్పుడు వచ్చింది. సీలు.

వాడు లోపలికి వచ్చి ఖాళీ గదులు చూస్తే, పారిపోయిందని గ్రహించి వీధిలోకి పరిగెడతాడు. ముసలిదీ పిల్లా మలుపు కూడా దాటి ఉండరు. నియెవెస్ చెప్పులు వదిలేసి తనే సందులోకి దూరింది. ఇటుకలు మోచేతులు గీరుకుపోయాయి. అటువైపు దిగి, చీకటి గదిలోంచి తడుముకుంటూ ఆవిరివైపు నడిచి, స్నానాల గదిలో దూరి గడియ పెట్టింది. షవరు పూర్తిగా తిప్పింది.

నీళ్ళు హోరుమన్నాయి. ఆమె చేతిలో ఆయుధం లేదు. గడియ పలచటి రేకుది.

అవతల తాళం తిరిగింది. తలుపు తెరుచుకుంది. అడుగులు తొందర లేకుండా గది దాటి, ఇంకో గది దాటి, సరిగ్గా ఈ తలుపు ముందుకొచ్చి ఆగాయి. ఏమంటాడో వినాలి. ఒక్క మాట చాలు.

"ఎవరూ లేరు, మనిద్దరమే," అన్నాడు ఓవిదియో, తలుపుకి ఆనుకుని. ఆ గొంతులో జాలి కూడా ఉంది. "నీళ్ళు కట్టేసి బయటికి రా, సబీనా."

పోలీసులు రాసుకున్న కాగితాల్లో ఎక్కడా ఆ పేరు లేదు. ఆ సాయంత్రం నోటరీ బల్లమీదున్న పొలం కాగితాల్లో మాత్రమే ఉంది.

నియెవెస్ నీళ్ళు కట్టలేదు. గడియమీద రెండు చేతులూ ఆనించి, పాదాలు తడినేలమీద తన్నిపెట్టి, వీధివైపు నించి ఊర్యోస్తే బూట్ల చప్పుడు కోసం చెవులు రిక్కించింది. తలుపుమీద మొదటి దెబ్బ పడింది.